లిఫ్ట్ నిలవని బండి

ట్రాక్టరు ఇంటికి వచ్చిన నాలుగో రోజునే డ్రైవరమ్మకు దానిమీద అనుమానం పుట్టింది.

గట్టు పక్కన బండి ఆపి, వెనక తగిలించిన రోటవేటర్‌ను పైకెత్తి, ఇంజను కట్టేసి, మంచినీళ్ళు తాగడానికి దిగింది. రోటవేటర్ అంటే మట్టిని గుల్లచేసే యంత్రం. ముప్ఫై ఆరు కత్తులు, నాలుగు క్వింటాళ్ళ ఇనుము. ఆమె సీసా ఎత్తి నాలుగు గుక్కలు తాగి మూత బిగించేలోగా అది మోకాలెత్తు నుంచి జారి మట్టిలో కూర్చుంది. చప్పుడైనా చేయలేదు.

"వదినా, లీవరు ముట్టుకున్నావా?"

"నేనా? అదెక్కడుందో చూపిస్తే రేపట్నుంచి ముట్టుకుంటాను," అంది గట్టుమీద కూర్చున్న వదిన. "నువ్వే దించేసి మర్చిపోయుంటావు. కొత్త బండి మోజులో ఒంటిమీద స్పృహ ఉందా నీకు!"

డ్రైవరమ్మ నవ్వలేదు. మళ్ళీ ఎక్కి ఇంజను వేసి, ఆయిలు ఒత్తిడితో బరువెత్తే లిఫ్ట్‌తో రోటవేటర్‌ను లేపింది. ఇంజను నడుస్తున్నంతసేపూ అది పైనే ఉంది గానీ, కుదురుగా లేదు. ఎక్కిళ్ళు పట్టినట్టు రెండు వేళ్ళు దిగడం, ఉలిక్కిపడి పైకి లేవడం, మళ్ళీ దిగడం. ఇంజను ఆపగానే మెల్లగా, ఎవరో తాడు వదులుతున్నట్టు నేలకు దిగిపోయింది.

"ఇది మంచిది కాదు వదినా," అంది డ్రైవరమ్మ.

ఆ మాట ఆమె అందంటే తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. తొమ్మిదేళ్ళు పరాయివాళ్ళ ట్రాక్టర్లు తోలిన మనిషి. బండి పక్కనుంచి వెళ్తే చప్పుడు విని ఎక్కడ నొప్పో చెప్పేది. అందుకే చుట్టుపక్కల అందరికీ ఆమె డ్రైవరమ్మ అయింది. మాట తక్కువ. ఆ లోటు వదిన తీర్చేది. వదిన అంటే అన్న భార్య. ఆ అన్న టైలరు. ఇంటి ముందుగదే అతని కొట్టు. కుట్టుమిషను కంటే పెద్ద యంత్రమేదైనా సరే, చూస్తేనే అతనికి గుండె దడ. "ఇద్దరాడాళ్ళూ కలిసి ఏనుగును తెస్తున్నారు, దాన్ని కట్టేయడానికి నా దగ్గర దారం తప్ప ఏం లేదు," అనేవాడు. అయినా కాదనలేదు. వదినా మరదళ్ళిద్దరి పేర్ల మీదా ట్రాక్టరు వచ్చింది. మరదలు తోలాలి, వదిన పని కుదర్చాలి. వానలు పడక ముందే వదిన ముప్ఫై ఒక్క కుటుంబాలతో మాట్లాడి, ఎవరి చేను ఎప్పుడో వరసగా రాసి పెట్టుకుంది. మొదటి వాన పడితే నేల అదును పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లో దున్ని విత్తనం వెయ్యాలి. తర్వాత ఎంత తిరిగినా వృథా.

వానకింకా సమయం ఉంది కదా అని, మర్నాడే బండిని షోరూముకు తీసుకెళ్ళారు.

షోరూం మేనేజరు చాలా మర్యాదస్థుడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చాడు. "కొత్త బండి కదమ్మా, భాగాలన్నీ ఒకదానికొకటి అలవాటు పడాలి. యాభై గంటలు నడిస్తే అదే సర్దుకుంటుంది," అన్నాడు.

"గేర్లు సర్దుకుంటాయండి. లిఫ్ట్ సర్దుకోదు. ఇది ఆయిలు ఎక్కడో వదిలేస్తోంది," అంది డ్రైవరమ్మ.

మేనేజరు చిరునవ్వు చెదరకుండా వదిన వైపు తిరిగాడు. "బండి తోలేవాళ్ళు రాలేదా? వాళ్ళొస్తే వివరంగా చెప్పేవాణ్ణి."

"ఇప్పటిదాకా మీతో మాట్లాడింది గోడ కాదండీ," అంది వదిన. "తోలేది అదే."

వర్క్‌షాపులో పెద్ద మెకానిక్కు ఉన్నాడు. నెరిసిన జుట్టు, మోచేతుల దాకా గ్రీజు. అందరూ మేస్త్రీ అంటారు. మేనేజరు చెప్పినట్టు రోటవేటర్ విప్పేసి, లిఫ్ట్ చేతులను ఖాళీగా పైకి లేపాడు. పావుగంట చూశారు. బరువేమీ లేని చేతులు కదలకుండా నిలబడ్డాయి. "లోపం కనపడలేదు," అని జాబ్ కార్డు మీద మేనేజరే చెప్పి రాయించాడు.

"బరువు పెట్టి చూడండి," అని డ్రైవరమ్మ రెండుసార్లు అడిగింది.

"రోటవేటర్ మేం అమ్మింది కాదు కదమ్మా. దాని బరువుకు మేం పూచీ కాదు," అన్నాడు మేనేజరు.

తిరిగి రోటవేటర్ తగిలిస్తున్నప్పుడు మేస్త్రీ తల వంచుకునే ఆమెతో అన్నాడు. "దాని కింద చెయ్యి పెట్టకమ్మా. ఎంత అవసరమైనా సరే."

"అంటే లోపం ఉందనేగా? మరి ఆ మాట కార్డులో ఎందుకు రాయలేదు?"

"రాసే చెయ్యి నాదే గానీ కార్డు నాది కాదు," అన్నాడతను.

బయట మెకానిక్కు చేత విప్పించి చూద్దామా అంటే, లిఫ్ట్ మీద కంపెనీ సీలు ఉంది. అది తెగితే వారంటీ పోయినట్టే. షోరూం వాళ్ళు విప్పరు, వేరేవాళ్ళు విప్పకూడదు. వదిన రోజూ ఫోను చేసేది. కంపెనీ ఇంజనీరు గురువారం వస్తాడన్నారు. ఆ గురువారం రాలేదు. పై గురువారం అన్నారు. "వాళ్ళ క్యాలెండర్లో గురువారం తప్ప వేరే వారం లేదేమో," అంది వదిన. మూడో గురువారం ఇంజనీరుకు బదులు వాన వచ్చింది.

రాత్రంతా కురిసి తెల్లారేసరికి తెరిపిచ్చింది. పొద్దున్నే ఇంటిముందు మనుషులు. మొదట ఎవరిది, మాది ఎప్పుడు, నిన్ననే అన్నావు కదా అని గోల. పని ఎలా కాదంటారు? డ్రైవరమ్మ కట్టెల దుకాణానికి వెళ్ళి చేతిమందాన దుంగ ఒకటి తెచ్చింది. నడుస్తున్నంతసేపూ భయం లేదు. ఇంజను ఆపి వెనక్కి వెళ్ళాల్సి వస్తే ముందు ఆ దుంగను రోటవేటర్ కింద నిలబెట్టి, అప్పుడే దగ్గరికి పోవాలని ఇద్దరూ మాట అనుకున్నారు. ఐదు రోజులు అలాగే నడిపారు. పన్నెండు చేలు అయ్యాయి. లిఫ్ట్ ఎక్కిళ్ళ వల్ల సాలు ఒకచోట లోతు, ఒకచోట పైపైన. చేను వాళ్ళు మొహం చిట్లించారు. డ్రైవరమ్మకు తల కొట్టేసినట్టయ్యేది. ఆమె దున్నిన నేలను చూసి పెదవి విరిచిన వాళ్ళు అంతకు ముందెవరూ లేరు.

ఆరో రోజు మధ్యాహ్నం పదమూడో చేనులో తీగలు ఎక్కువ. చచ్చి ఎండిన తీగలు కత్తులకు చుట్టుకుని రోటవేటర్ తిరగడం మానేసింది. డ్రైవరమ్మ దాన్ని పైకి లేపి, ఇంజను ఆపి, దిగి దుంగ పెట్టింది. కాలితో రెండుసార్లు తన్ని చూసింది. కదల్లేదు.

"నువ్వెళ్ళి కూర్చో," అంది వదిన, కొడవలి పుచ్చుకుని. "పొద్దున్నుంచీ మెడ వెనక్కి తిప్పి తిప్పి గుడ్లగూబవైపోయావు. తీగలు కోయడం నాకొచ్చులే. గుండీకి కాజా కుట్టినంత పని."

డ్రైవరమ్మ వద్దనలేదు. నిజంగానే మెడ పట్టేసింది. సీటు ఎక్కి కూర్చుని కళ్ళు మూసుకుంది. వెనక కొడవలి చప్పుడు, వదిన ఏదో తనలో తను తీగల్ని తిట్టుకోవడం వినిపిస్తున్నాయి. తర్వాత మెత్తగా, తడిగా ఒక చప్పుడు. ఆ తర్వాత వదిన మాట.

"అమ్మాయ్... కాలు."

కేక కాదు. మామూలు గొంతే. అందుకే డ్రైవరమ్మకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. వెనక్కి తిరిగి చూస్తే దుంగ బురదలో పక్కకు పడి ఉంది. రోటవేటర్ నేలమీద ఉంది. వదిన దాని పక్కన కూలబడి, మడమ దగ్గర నుంచి కనపడని తన పాదం వైపు చూస్తోంది.

దూకి రెండు చేతులతో ఎత్తబోయింది. నాలుగు క్వింటాళ్ళ ఇనుము మనిషి చేతులకు లొంగుతుందా? దున్నేది చూడ్డానికి వచ్చిన చేను ఆసామి చేనుకు ఆ చివర ఉన్నాడు. అరిచింది. అతను పరిగెత్తుకొచ్చేదాకా ఆగేట్టు లేదు. ఒకటే దారి. ఏ లిఫ్ట్ దాన్ని పడేసిందో ఆ లిఫ్టే దాన్ని ఎత్తాలి. సీటు ఎక్కి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. లీవరు లాగింది. రోటవేటర్ ఒక్క వేలు లేచి, ఎక్కిలి వచ్చినట్టు మళ్ళీ అదే పాదం మీద దిగింది. అప్పుడు మాత్రం వదిన అరిచింది. ఆ అరుపు డ్రైవరమ్మ చెవుల్లోంచి చాలాకాలం పోలేదు. ఇంజను పూర్తిగా రేజ్ చేసి, లీవరును ఇంక లాగడానికి వీల్లేనంత లాగి పట్టుకుంది. లేచింది. ఆసామి వచ్చి వదినను చంకల కింద పట్టుకుని ఇవతలికి ఈడ్చాడు.

ఆసుపత్రిలో రెండు గంటలు ఆపరేషను. పాదంలో ఎముకలు మూడుచోట్ల నుజ్జయ్యాయనీ, రెండు వేళ్ళు తీసేయక తప్పలేదనీ డాక్టరు చెప్పాడు. నడుస్తుంది గానీ మునుపటిలా కాదు అన్నాడు.

అన్న మెడలో కొలత టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు. తీయాలని కూడా తోచలేదతనికి. వరండాలో బల్లమీద చాలాసేపు కూర్చున్నాక ఒక్క మాట అడిగాడు.

"దుంగ పెట్టిందెవరు?"

"నేనే," అంది డ్రైవరమ్మ.

అతను తల ఊపాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. ఆ ప్రశ్న అక్కణ్ణుంచి ఆమెను వదల్లేదు. దుంగను తన్ని చూసింది కదా? రెండుసార్లేనా, ఒక్కసారేనా? దుంగ కింద నేల గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? తలుచుకునే కొద్దీ జ్ఞాపకం కరిగిపోయేది. తెలివొచ్చాక వదిన "నీ మొహమేంటి అలా వాడిపోయింది, కాలు పోయింది నాదా నీదా?" అంటే, మంచం కోడు పట్టుకుని నిలబడింది.

మూడో రోజు ఆమె ఎవరికీ చెప్పకుండా చేనుకు వెళ్ళి ట్రాక్టరు తీసింది. రోటవేటర్ తగిలించి ఉన్నదున్నట్టే, ఇంజను ఆపకుండా, షోరూం దాకా తోలుకెళ్ళి, సరిగ్గా అద్దాల తలుపు ఎదురుగా ఆపింది. అప్పుడు పదకొండు గంటలవుతోంది. లోపల ఎవరో కొత్త బండి కొనుక్కుని కుటుంబంతో సహా వచ్చి తాళాలు తీసుకుంటున్నారు. మేనేజరు వాళ్ళతో ఫోటో దిగుతున్నాడు.

సంగతి విని అతను నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "అయ్యో, ఘోరం. కానీ అమ్మా, ఎత్తిన యంత్రం కిందికి వెళ్ళకూడదని పుస్తకంలో రాసే ఉంది. మా కార్డులో లోపం లేదనీ ఉంది. దుంగ పెట్టి పనిచేయమని మేం చెప్పామా? దుంగ పెట్టిందెవరు?"

ఆ ప్రశ్న ఇక్కడ కూడా వినేసరికి ఆమెలో ఏదో తెగింది.

"నేనే పెట్టాను. లోపం లేదంటున్నారు కదా. ఇప్పుడు లేపి పెడతాను. ఇంజను ఆపుతాను. మీరొచ్చి దాని కింద కాలు పెట్టండి."

మేనేజరు నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

ఆమె ఎక్కి లేపింది. ఇంజను కట్టేసింది. కొత్త బండి కొన్నవాళ్ళు, వాళ్ళ ముసలాయన, కౌంటరు దగ్గర పిల్ల, రోడ్డు మీద పోయేవాళ్ళు అందరూ చూస్తుండగా ముప్ఫై ఆరు కత్తులూ నింపాదిగా సిమెంటు నేల మీదికి దిగాయి. చివర్లో ఠంగుమంది.

"రోటవేటర్ బరువు ఎక్కువండీ," అన్నాడు మేనేజరు, ఆమెతో కాదు, కొనుక్కున్న వాళ్ళతో. "బయట ఎక్కడో చవకగా కొన్నారు. మా బండి ఇలా దిగదు. కావాలంటే ఇప్పుడే చూపిస్తాను. మేస్త్రీ! ఆ రోటవేటర్ విప్పి వీళ్ళ కొత్త బండికి తగిలించు."

మేస్త్రీ అతని వైపు ఒకసారి చూశాడు. ఇద్దరు మనుషులను పిలిచి అరగంటలో మార్పించాడు. లేపి, ఇంజను ఆపాడు. అందరూ నిలబడి చూశారు. ఐదు నిమిషాలైంది. పదైంది. రోటవేటర్ వెంట్రుకవాసి కదల్లేదు.

"చూశారా!" అన్నాడు మేనేజరు, గెలిచినవాడిలా చేతులు చాపి. "అదే బరువు. అదే రోటవేటర్. మా లిఫ్ట్ ఎలా నిలబడిందో!"

కొత్త బండి కొన్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే బాబూ, బరువులో తప్పు లేదన్నమాట. ఆ అమ్మాయి బండిలోనే ఉంది."

మేనేజరు చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. తనెక్కడ కాలు వేశాడో అప్పుడు తెలిసిందతనికి.

మేస్త్రీ చేతులు తుడుచుకుని కౌంటరు దగ్గరికి నడిచాడు. కొత్త జాబ్ కార్డు ఒకటి తీసుకుని, ఎవరినీ అడగకుండా నిలబడే రాశాడు. ఒకే రోటవేటర్, రెండు బండ్లు, ఎంతసేపు నిలిచింది, ఎంతసేపట్లో దిగింది, లిఫ్ట్‌లో ఆయిలు ఒత్తిడి పట్టే సిలిండరులో లోపం ఉన్నట్టు తన అభిప్రాయం. కింద సంతకం పెట్టి, ఒక ప్రతి చింపి డ్రైవరమ్మ చేతిలో పెట్టాడు.

"మొదటిరోజే రాయాల్సింది తల్లీ," అన్నాడు. ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. క్షమించానని అనడానికి ఆమెకు నోరు రాలేదు. తిట్టడానికి కూడా ఓపిక లేదు.

ఇన్నాళ్ళూ రాని కంపెనీ ఇంజనీరు రెండో రోజుకే ఇంటికి వచ్చాడు. గురువారం కాదు. అప్పటికి వదిన ఇల్లు చేరింది. కొట్లోనే గోడవారగా మంచం వేసి, కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టారు. ఇంజనీరు కుర్రవాడే, మాట మెత్తన. కొత్త సిలిండరు కార్లోనే ఉందన్నాడు. ఇవాళే బిగించేస్తే రేపు పొద్దున్నుంచి చేలోకి దిగొచ్చన్నాడు. ఈ కాగితం మీద ఇద్దరు యజమానులూ సంతకం పెడితే చాలు.

అన్న కాగితం తీసుకుని గట్టిగా చదివాడు. వినియోగదారుల సంతృప్తి కోసం కంపెనీ భాగం మార్చి ఇస్తోంది. భాగంలో లోపం ఉన్నట్టు కంపెనీ ఒప్పుకోవడం లేదు. జరిగిన ప్రమాదానికి బండి నడిపినవారి అజాగ్రత్తే కారణమని యజమానులు అంగీకరిస్తున్నారు.

చదవడం అయ్యాక కాగితాన్ని మంచం అంచున పెట్టాడు.

నేల అదును ఇంకా ఆరు రోజులుంది. పదమూడోది సగంలో ఆగింది, అది కాక పద్దెనిమిది చేలు మిగిలాయి. ఆ పొద్దున్నే నలుగురు వచ్చి, "ఇంకెవరినైనా చూసుకోమంటావా?" అని అడిగి వెళ్ళారు. ఈ ఏడు మాట తప్పితే పై ఏడు ఎవరూ గడప తొక్కరు. డ్రైవరమ్మ కాగితం అందుకుంది. "కలం ఇవ్వన్నయ్యా."

"ఏం చేస్తున్నావ్?" అంది వదిన.

"సంతకం పెడుతున్నాను. అందులో అబద్ధమేముంది వదినా? దుంగ పెట్టింది నేను. నిన్ను ఒంటరిగా వదిలి కళ్ళు మూసుకు కూర్చుంది నేను."

"ఆ కాగితం ఇలా ఇయ్యి."

"వదినా, పని..."

"ఇలా ఇయ్యి అన్నాను." ఆ గొంతు ఇంట్లో అంతకు ముందెవరూ వినలేదు. కాగితం తీసుకుని మోకాలి మీద పెట్టుకుని ఇంజనీరు వైపు తిరిగింది. "ఏం బాబూ, నా కాలి మీద ఇనుము పడిందని మీకు బాధగా ఉందా?"

"ఉందండి. చాలా."

"మరి పడేసింది నా మరదలని నా చేత రాయించుకోవడానికి వచ్చావా? అది ఆ ఇనుమును లేపి పట్టుకోకపోతే నేనిక్కడ కూర్చుని నీతో మాట్లాడేదాన్నా? లోపముందని అది నాలుగో రోజునే చెప్పింది. మీ వాళ్ళు వినలేదు. ఆ సంగతి రాసి పట్రా, పెడతాను."

"నాకు ఆ అధికారం లేదండి. ఇది పెట్టకపోతే భాగం ఇవ్వొద్దన్నారు. మీ సీజను పోతుందండి, ఆలోచించుకోండి."

అన్న భార్య పక్కన నేలమీద కూర్చున్నాడు. "పెట్టేద్దామే," అన్నాడు మెల్లగా. "పెద్దవాళ్ళతో మనకెందుకు? అమ్మాయి పని చేసుకుంటుంది, మనం బతికిపోతాం."

"నేను పెట్టనండి," అంది వదిన. "ఇవాళ ఈ సంతకం పెడితే, రేపు నా కాలు చూసినప్పుడల్లా నా మరదలు తలొంచుకుంటుంది. జీవితాంతం ఒకే ఇంట్లో ఉండాల్సినవాళ్ళం. అది నావల్ల కాదు." కాగితాన్ని నాలుగుగా మడిచి ఇంజనీరు చేతిలో పెట్టింది. "కొత్త సిలిండరు జాగ్రత్తగా పట్టుకెళ్ళు నాయనా. దాని మీద కూడా ఎవరి కాళ్ళో ఆధారపడి ఉంటాయి."

కారు వెళ్ళిపోయింది. డ్రైవరమ్మ గుమ్మంలో నిలబడి అది మలుపు తిరిగేదాకా చూసింది. వదిన చేసింది న్యాయమని ఆమెకు తెలుసు. అయినా పరిగెత్తి ఆ కారుకు అడ్డం పడాలని ఆమె కాళ్ళు కొట్టుకున్నాయి.

ఆ ఆరు రోజులూ ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఆకాశం తేటగా ఉంది. నేల రోజురోజుకూ బిగుసుకుంటోంది. ఎటు చూసినా ట్రాక్టర్ల చప్పుడు. పద్దెనిమిది కుటుంబాలూ ఒక్కొక్కటిగా వేరే బండి చూసుకున్నాయి. కొందరు వచ్చి చెప్పి వెళ్ళారు, కొందరు ఇటు చూడకుండా పోయారు. డ్రైవరమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. కొత్త బండి ఇంటి పక్క ఖాళీ స్థలంలో రోటవేటర్ నేలకానించి మెరుస్తూ నిలబడి ఉంటే, దాని వైపు చూడలేక ఆ పక్క కిటికీ మూసేసింది. తర్వాత కూలికి పరాయి ట్రాక్టరు తోలడానికి వెళ్ళింది. ఎవరి దగ్గర మానేసిందో ఆ యజమాని దగ్గరికే. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆయన ఇంట్లోవాళ్ళు నవ్వుకున్నారు.

వదిన మంచం మీదనుంచే వినియోగదారుల కోర్టుకు ఫిర్యాదు రాసింది. మేస్త్రీ ఇచ్చిన కార్డు దానికి జత చేసింది. ఆ కార్డు రాసినందుకు మేస్త్రీని షోరూం వాళ్ళు తీసేశారని తర్వాత తెలిసింది. విచారణకు పిలిస్తే అతను వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. నాలుగు నెలల తర్వాత బండిని ఇద్దరు పరీక్షాధికారుల ముందు విప్పాలని ఉత్తర్వు వచ్చింది.

ఆ రోజు షెడ్డులో ఆ ఇద్దరితోపాటు కంపెనీ ఇంజనీరు ఉన్నాడు, మేస్త్రీ ఉన్నాడు, డ్రైవరమ్మ ఉంది. సీలు తెంపి, ఆయిలు దించి, సిలిండరు బయటికి తీసి గుడ్డతో తుడిచారు. లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంది. ఒక్కచోట మాత్రం పుచ్చుపన్నులో ఉన్నట్టు చిన్న గుంట. పోత పోసినప్పుడే లోపల గాలి బుడగ చిక్కి అలా అయిందనీ, బరువు పడ్డప్పుడల్లా ఆయిలు అందులోంచి వెనక్కి జారిందనీ పరీక్షాధికారుల్లో ఒకాయన చెప్పి రాసుకున్నాడు. బండి ఫ్యాక్టరీ గేటు దాటకముందే ఉన్న లోపం అన్నాడు.

"ముట్టుకోవచ్చా?" అని అడిగింది డ్రైవరమ్మ.

వేలు లోపలికి పెట్టి తడిమింది. గుంట దగ్గర గోరు తగులుకుంది. కందిగింజ కూడా పట్టనంత గుంట. మళ్ళీ తడిమింది. మళ్ళీ తగులుకుంది. ఇంజనీరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "చాలమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఇంటికి వచ్చేసరికి అన్న మిషను మీద ఉన్నాడు. వదిన ఎదురుగా కుర్చీలో కూర్చుని చొక్కాకు గుండీలు కుడుతోంది. ఈ నాలుగు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా కంటతడి పెట్టలేదు. కట్టు మార్చినప్పుడు నర్సును నవ్వించింది. మొదటిసారి కర్ర పట్టుకుని నిలబడి, "రెండు వేళ్ళ బరువు తగ్గింది, ఇక పరుగే," అంది.

"గుంట ఉంది వదినా," అంది డ్రైవరమ్మ గుమ్మంలోంచే. "సిలిండరు లోపల. ముందు నుంచీ ఉంది. నా గోటికి తగిలింది."

"నే చెప్పలేదూ," అంది వదిన. సూది గుడ్డలో గుచ్చింది. తీయబోయి ఆగిపోయింది. "ఎంతుంది?"

డ్రైవరమ్మ చిటికెన వేలి గోటి కొస చూపించింది.

"అంతేనా?"

"అంతే."

"అంతే..." అని వదిన తన పాదం వైపు చూసుకుంది. "అంత దానికా..." అంటూ చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాలుగు నెలల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. అన్న మిషను ఆపేశాడు. డ్రైవరమ్మ వెళ్ళి కుర్చీ పక్కన నేలమీద కూర్చుని, వదిన మోకాలి మీద చెయ్యి వేసింది. ఓదార్చే మాటలు ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. అలాగే కూర్చుంది.

సిలిండరు మార్చి ఇచ్చారు. పాదానికి ఇవ్వాల్సిన పరిహారం విషయంలో కోర్టులో వాదన ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదాలకు ఇద్దరూ కలిసే వెళ్తారు. ఆ పై ఏడు వానలకు, ముప్ఫై ఒక్క కుటుంబాల్లో తొమ్మిది మాత్రమే వాళ్ళను పిలిచాయి.